వెయ్యి కిలోమీటర్ల పల్లె

తెలంగాణ చేనేత గ్రామాలకూ సూరత్ రింగ్ రోడ్‌కూ నడుమ సాగే రాకపోకలు జనాభా లెక్కల ముందుంచుతున్న ప్రశ్న

భారతదేశంలో ప్రతి గ్రామానికీ ఒక జాతకచక్రం ఉన్నది. జనగణన ముగిసిన తరువాత ప్రతి జిల్లాకూ వెలువడే గ్రంథంలో ఆ జిల్లాలోని గ్రామాలన్నీ వరుసగా, ఒక్కొక్క దానికి ఒక్కొక్క పంక్తి చొప్పున నమోదవుతాయి. విస్తీర్ణమెంత, ఇళ్ళెన్ని, జనమెందరు, బడి ఉన్నదా, మంచినీరు ఎక్కడిది, బస్సు వస్తుందా, రైలు స్టేషన్ ఎంత దూరం అన్న వివరాలన్నీ అందులో ఉంటాయి. ఏదైనా సౌకర్యం ఊళ్ళో లేకపోతే అది ఎంత దూరాన ఉన్నదో ఒక అక్షరం తెలుపుతుంది. 5 కిలోమీటర్ల లోపయితే ‘ఏ’, 5 నుంచి 10 లోపయితే ‘బి’, 10కి మించితే ‘సి’. 2011 నాటికి ఇలా పంక్తులకెక్కిన గ్రామాలు దేశంలో 6 లక్షల 40 వేలకు పైగా ఉన్నవి.

పూర్వపు వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాలలోని ఏదో ఒక చేనేత గ్రామాన్ని ఎంచుకొని దాని పంక్తిని చదివామనుకుందాం. జనం వేయి పై చిలుకు, బస్సు ఉన్నది, రైలు స్టేషన్ వద్ద ‘సి’ అనే అక్షరం. చదివినవాడికి ఒక మారుమూల పల్లె కళ్ళకు కడుతుంది. కాని ఆ ఊరి మగ్గాల వీధిలో నిలబడి అడిగితే మరో భూగోళశాస్త్రం వినవస్తుంది. పెద్దకొడుకు సూరత్‌లో ఉన్నాడు. మేనమామ అక్కడే స్థిరపడ్డాడు. కూతురిని ఇచ్చినదీ అక్కడికే. జిల్లా కేంద్రంలోని వీధుల పేర్లు తెలియని ముసలమ్మకు లింబాయత్, ఉధనా, రింగ్ రోడ్ అన్న పేర్లు కంఠస్థం.

ఇటువంటి పల్లెకు ఒక కొస తెలంగాణలోనూ, రెండవ కొస సుమారు వెయ్యి కిలోమీటర్ల అవతల తపతీ నది ఒడ్డునా ఉన్నవి. దాని జనాభాను, దాని రవాణాను వేర్వేరు గడులలో వ్రాసిన పుస్తకానికి ఈ రెండూ ఒకే సంగతి అన్న విషయం తెలియదు. ఆ తెలియకపోవటం వల్ల జరిగే నష్టం మాత్రం నిజమైన మనుషులకు జరుగుతున్నది.

చీరల వీధి

సూరత్ రైల్వే స్టేషన్‌లో దిగిన ప్రయాణికుడు నడిచిపోదగినంత దూరంలోనే రింగ్ రోడ్ ఉన్నది. సహారా దర్వాజా వంటి పేర్లు ఈ ప్రాంతంలో ఒకప్పటి కోటద్వారాలను గుర్తుకు తెస్తాయి. మొగలాయీల కాలంలో మక్కాకు వెళ్ళే యాత్రికులు ఓడలెక్కిన రేవు ఇది. ఆంగ్లేయులు భారతదేశంలో తొలి వర్తకశాలలలో ఒకదానిని నెలకొల్పినదీ ఇక్కడే. ఆ ఓడలు పోయినవి, ఆ రేవూ పోయింది. నేడు రింగ్ రోడ్ పొడవునా బారులు తీరి ఉన్నవి అంతస్తుల మీద అంతస్తులుగా లేచిన గుడ్డల మార్కెట్లు. ఒక్కొక్క భవనంలో వందలాది దుకాణాలు. ఒక్కొక్క దుకాణంలో నేల నుంచి కప్పు వరకు చీరల కట్టలు.

ఈ వీధిలో చీర పుట్టదు, తయారై అమ్ముడుపోతుంది. నగరం చుట్టూ ఉన్న మరమగ్గాల షెడ్లలో పాలిస్టర్ నూలుతో నేసిన పచ్చి గుడ్డను వ్యాపారులు ‘గ్రే’ అంటారు. దానికి రంగు ఉండదు, మెరుపు ఉండదు. వ్యాపారి దానిని కొని పాండేసరా, సచిన్, పల్సానా వంటి చోట్ల ఉన్న అద్దకపు మిల్లులకు పంపుతాడు. అక్కడ రంగు, అచ్చు పడిన గుడ్డ తిరిగి నగరంలోకి వచ్చి, కుట్టుపనికో లేసుపనికో ఇళ్ళకు వెళ్ళి, మడతపెట్టేవారి చేతుల మీదుగా రింగ్ రోడ్ చేరుకొని, గోనెపట్టాలో బిగించిన పార్సిలుగా లారీ ఎక్కుతుంది. అక్కడినుంచి హైదరాబాదులోని బేగంబజారుకు, విజయవాడలోని వస్త్రలతకు, ఆ పైన మండల కేంద్రంలోని చిన్న దుకాణానికి. సూరత్‌లో మగ్గం నడిపిన మనిషి పండుగకు ఇల్లు చేరటానికి ముందే అతడు నేసిన గుడ్డ అతని ఊరు చేరి ఉంటుంది.

2017లో ఈ సంబంధం ఒక విచిత్రమైన రూపంలో బయటపడింది. ఆ ఏడాది తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ పండుగకు ఆడపడుచులకు చీరలు పంచాలని తలపెట్టింది. సిరిసిల్ల మరమగ్గాల కార్మికులకు పని కల్పించటం ఆ పథకం ఉద్దేశాలలో ఒకటి. అయితే ఉన్న గడువులో అన్ని చీరలు నేయటం సిరిసిల్లకు సాధ్యపడలేదు. మిగిలినవి సూరత్ నుంచి తెప్పించవలసి వచ్చింది. దానిపై విమర్శలు చెలరేగగా, ఆ తరువాతి సంవత్సరాలలో సిరిసిల్లకే ముందుగా ఆర్డర్లు ఇచ్చారు. ఆ మొదటి ఏడు సూరత్ నుంచి వచ్చిన చీరలలో తెలంగాణ నుంచి వెళ్ళిన చేతులు నేసినవి ఎన్ని ఉన్నవో లెక్కించినవారు లేరు.

పెరిగిన నగరం, మాయమైన గ్రామాలు

సూరత్ పెరుగుదలను అంకెలే చెప్పగలవు. 1961లో నగర జనాభా 2 లక్షల 88 వేలు. 1971లో అది 4 లక్షల 72 వేలయింది. 1981లో 7 లక్షల 77 వేలు. 1991లో దాదాపు 15 లక్షలు. 2001లో 24 లక్షలు. 2011లో 44 లక్షల 67 వేలు. యాభై ఏళ్ళలో పదిహేను రెట్లకు పైగా పెరుగుదల. పురుడు పోసుకొన్న బిడ్డలతోనే ఏ నగరమూ ఇంతగా పెరగలేదు. రైలు దిగినవారితో కొంత పెరిగింది. చుట్టుపక్కల గ్రామాలను తనలో కలుపుకొని కొంత పెరిగింది. 2006లో నగరపాలక సంస్థ విస్తీర్ణం సుమారు 112 చదరపు కిలోమీటర్ల నుంచి 326 చదరపు కిలోమీటర్లకు, 2020లో 461 చదరపు కిలోమీటర్లకు విస్తరించింది.

లింబాయత్, దిండోలీ, పర్వత్, గోడాదరా, మగోబ్ – ఇవన్నీ ఒకప్పుడు సూరత్ శివార్లలో పొలాల మధ్య ఉన్న ఊళ్ళే. వాటికీ జనాభా పుస్తకంలో ఒక్కొక్క పంక్తి ఉండేది. నగరం మీదకు వచ్చేసరికి ఆ పంక్తులు చెరిగిపోయి వార్డులయినవి. రైలు పట్టాలకు తూర్పున ఉన్న ఈ పేటలలోనే తెలుగు నేతగాళ్ళు ఎక్కువగా నివాసమేర్పరచుకున్నారు. అక్కడ పద్మశాలీలు మార్కండేయ జయంతి జరుపుకొంటారు. భాద్రపదం వెళ్ళగానే బతుకమ్మ పేరుస్తారు. నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలలు నడిపే ఏడు భాషా మాధ్యమాలలో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషులతో పాటు తెలుగు కూడా ఒకటి.

2011 అంకెలలో మరొకటి గమనింపదగినది. సూరత్ నగరంలో ఆ ఏడు వెయ్యిమంది పురుషులకు 756 మంది స్త్రీలు మాత్రమే ఉన్నారు. ఈ లోటు అక్కడి ఆడపిల్లల పుట్టుక ఒక్కటే చెప్పగలిగిన కథ కాదు. దేశంలోని నానా ప్రాంతాల నుంచి ఒంటరిగా వచ్చిన మగవారు ఆ లెక్కలో ఉన్నారు. సూరత్‌లో కనిపించని ఆ స్త్రీలు ఏదో ఒక రాష్ట్రంలో, ఏదో ఒక గ్రామంలో, ఇంటి పెద్దగా పొలమూ పిల్లలనూ చూసుకొంటున్నారు. నగరం లెక్కలో కనిపించిన పల్లం ఏదో ఒక పల్లె లెక్కలో మిట్టగా తేలుతుంది.

పట్టాలు చూపిన దారి

నేతగాడు ఊరు విడవటానికి కారణం మగ్గం. ఎక్కడికి వెళ్ళాలో చూపినది రైలు. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలుమార్గం వేయటంతో నిజాం రాజ్యం బొంబాయి దారితో ముడిపడింది. తరువాత ఆ మార్గం కాజీపేట, వరంగల్ మీదుగా బెజవాడ వరకు సాగింది. 1929లో కాజీపేట, బల్లార్షా మధ్య పట్టాలు కలిసి ఉత్తరాదికి తిన్ననైన దారి ఏర్పడింది. అటు పడమరన తపతీ లోయ రైలుమార్గం ఇరవయ్యవ శతాబ్దం ఆరంభానికే సూరత్‌ను ఖాందేశ్ పత్తి ప్రాంతంతో కలిపింది. ఎవరి అవసరాల కోసమో, ఎక్కడెక్కడో వేసిన ఈ పట్టాలు చివరకు మగ్గం గుంటలో కూర్చున్న మనిషికి ఒక దారిని చూపినవి.

మిల్లు గుడ్డ ముందు చేనేత వెనుకబడుతున్న రోజులవి. నేత మాత్రమే తెలిసిన కుటుంబాలు షోలాపూర్, బొంబాయి, భివండి, సూరత్ నగరాలకు తరలినవి. 1934లో వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు వెలసి వేలమందికి అన్నం పెట్టింది గాని, కొత్త శతాబ్దపు తొలి సంవత్సరాలలో అదీ మూతపడింది. నూలు కండెలు చుట్టిన చేతులకు మళ్ళీ రైలే దిక్కయింది.

నేడు వరంగల్ ప్రాంతానికీ సూరత్‌కూ నడుమ ప్రధానమైన తాడు నవజీవన్ ఎక్స్‌ప్రెస్. మద్రాసు, అహమ్మదాబాదుల నడుమ తిరిగే ఈ రైలు విజయవాడ, ఖమ్మం, వరంగల్ దాటి, బల్లార్షా, వార్ధా, భుసావల్ మీదుగా తపతీ లోయలోకి దిగి సూరత్ చేరుతుంది. దాదాపు ఒక పగలూ ఒక రాత్రీ పట్టే ప్రయాణం. దీనికి తోడు ప్రైవేటు బస్సులు ఉన్నవి.

అయితే ఒక గ్రామానికి రవాణా సౌకర్యం అన్నది పట్టాలతోనూ తారురోడ్డుతోనూ పూర్తికాదు. స్టేషన్‌కు ఆనుకొని ఉన్న ఊరినుంచి ఒక్కరూ సూరత్ వెళ్ళకపోవచ్చు. స్టేషన్‌కు 30 కిలోమీటర్ల దూరాన ఉన్న ఊరిలో సగం ఇళ్ళకు అక్కడ బంధువులుండవచ్చు. మొదట వెళ్ళినవాడు ఒక గది చూస్తాడు, ఒక షేటు దగ్గర నమ్మకం సంపాదిస్తాడు, తమ్ముడిని రమ్మంటాడు. తమ్ముడి వెంట బావమరిది, అతని వెంట పక్కింటి కుర్రవాడు. కొత్తవాడికి గది, పని, అప్పు, భాష అన్నీ ఆ మొదటి మనిషి ద్వారానే అందుతాయి. అసలు వంతెన అతడే. జిల్లా గ్రంథంలో ఆ వంతెనకు గడి లేదు.

మరమగ్గం ముందు పన్నెండు గంటలు

వెళ్ళినవారు చేసే పని ఏమిటో తెలియనిదే ఈ రాకపోకల లయ అర్థం కాదు. చేనేత మగ్గం మీద నేతగాడి కాళ్ళూ చేతులే యంత్రం. మరమగ్గం మీద కరెంటు ఆ పని చేస్తుంది. పడుగు బీము మీదినుంచి వస్తుంది. నాడె రెప్పపాటులో అటూ ఇటూ పరుగెత్తి పేకను పరుస్తుంది. కార్మికుని పని కాపలా కాయటం. పోగు తెగితే ముడివేయాలి, కండె అయిపోతే మార్చాలి, గుడ్డలో లోపం పడకుండా చూడాలి. ఒక్కొక్కరు ఒకేసారి అనేక మగ్గాలను చూసుకోవాలి. పన్నెండు గంటల పాళీ అక్కడ సాధారణం. చెవులు దద్దరిల్లే ఆ చప్పుడులో మాటలకంటె సైగలే ఎక్కువ.

కూలి చాలాచోట్ల నేసిన మీటర్లను బట్టి ఉంటుంది. కాబట్టి సెలవు అంటే కూలి లేని రోజు. కరెంటు పోయినా, నూలు ధర పెరిగి యజమాని మగ్గాలు ఆపినా, రింగ్ రోడ్‌లో అమ్మకాలు మందగించినా అదే ఫలితం. 2017 జూలైలో వస్తు సేవల పన్నుకు నిరసనగా రింగ్ రోడ్ వ్యాపారులు రెండు వారాలకు పైగా దుకాణాలు మూసివేశారు. గుడ్డ కొనేవాడు లేనప్పుడు నేయించేవాడు ఉండడు. సూరత్‌లో తాళం పడిన తలుపు చప్పుడు తెలంగాణ పల్లెలో కిరాణా కొట్టు పద్దులో వినిపిస్తుంది. ఒకనాడు మనియార్డరుతో పోస్టుమాన్ మోసుకొచ్చిన ఆ సొమ్ము ఇప్పుడు చేతిఫోను మీద క్షణంలో వస్తుంది. వచ్చే వేగం పెరిగినంత మాత్రాన అది తప్పక వస్తుందన్న హామీ ఏమీ పెరగలేదు.

ఇల్లాండ్రు ఇంట్లో ఊరికే కూర్చోరు. చీర అంచుకు లేసు కుట్టటం, మెరుపురాళ్ళు అతికించటం, వ్రేలాడే దారాలు కత్తిరించటం, మడతపెట్టటం – ఇవన్నీ ఇంటికి తెచ్చుకొనే పనులు. చీర ఒక్కింటికి ఇంత అని కూలి. ఇంటి పనితో కలిసిపోయిన ఈ పని, ఉద్యోగాల పట్టికలో సులభంగా జారిపోతుంది.

ఇటీవలి కాలంలో నాడె మగ్గాల స్థానే నీటిధారతోనూ గాలితోనూ పేకను విసిరే వేగవంతమైన మగ్గాలు వస్తున్నవి. అవి తక్కువ మందితో ఎక్కువ గుడ్డ నేస్తాయి. తరతరాల నేత నైపుణ్యమే పెట్టుబడిగా వెళ్ళినవారికి ఆ పెట్టుబడి విలువ క్రమంగా తరుగుతున్నది.

ఎవరిని ఎక్కడ లెక్కించాలి?

ఇప్పుడు మళ్ళీ జనాభా పుస్తకం దగ్గరకు వద్దాం. పూర్వం భారతదేశంలో ఒకే రాత్రి, దీపాలు చేతబట్టుకొని, ఎవరు ఎక్కడుంటే అక్కడ లెక్కించేవారు. 1931 వరకు అదే పద్ధతి. ఆ తరువాత గణన కొన్ని వారాలపాటు సాగుతూ, సాధారణంగా నివసించే ఇంటివద్దనే మనిషిని లెక్కిస్తున్నారు. 2011లో ఆ గడువు ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు. ఈ గడువు పొడవునా ఇంటివద్ద లేనివారిని ఇంటి లెక్కలో చేర్చరు. వారు ఉన్నచోటనే లెక్కించాలి. నియమం న్యాయమైనదే. దాని ప్రకారం సూరత్‌లో ఉన్న నేతగాడు సూరత్ వాసి.

కాని అతని ఓటు, భూమి, ముసలి తల్లిదండ్రులు, చాలాకాలం వరకు రేషన్ కార్డు కూడా ఊళ్ళోనే ఉండిపోయినవి. జనగణన ప్రకారం అతడు ఊరి మనిషి కాడు. కాగితాల ప్రకారం నగరం మనిషి కాడు. 2011 జనగణనలో పుట్టిన చోటో, అంతకు ముందున్న చోటో విడిచి వచ్చినవారు దేశంలో 45 కోట్లకు పైగా తేలారు. వారిలో అతి పెద్ద వర్గం పెళ్ళి కారణంగా ఊరు మారిన స్త్రీలది. పని కోసం వెళ్ళినవారి పూర్తి పట్టికలు వెలువడేసరికి ఎన్నో ఏళ్ళు గడిచిపోయినవి. పైగా ఆ పట్టికలు రాష్ట్రం, జిల్లా, నగరం దగ్గర ఆగిపోతాయి; గ్రామం వరకు దిగిరావు. ఫలానా ఊరినుంచి ఎందరు ఎక్కడికి వెళ్ళారో ఆ ఊరి పంచాయతీకి ఏ పుస్తకమూ చెప్పదు.

ఈ సందిగ్ధం ఎంత లోతైనదో 2014 ఆగస్టు 19న తెలియవచ్చింది. కొత్తగా ఏర్పడిన తెలంగాణ రాష్ట్రం ఆ ఒక్కరోజున ఇంటింటి సర్వే నిర్వహించింది. సెలవు ప్రకటించి అందరినీ ఇళ్ళవద్ద ఉండమన్నారు. లెక్కలో పేరు లేకపోతే కార్డు పోతుందేమో, పింఛను పోతుందేమో అన్న భయం పొరుగు రాష్ట్రాలలోని తెలంగాణ వాసులను కదిలించింది. రైళ్ళూ బస్సులూ క్రిక్కిరిసినవి. ఎన్నాళ్ళుగానో తాళం వేసి ఉన్న ఇళ్ళు ఆ ఒక్కరోజు తెరుచుకొన్నవి. మీటరు లెక్కన కూలి పొందేవాడు ఎన్నో రోజుల కూలి వదులుకొని, టిక్కెట్టుకు డబ్బు పెట్టి, తాను ఈ ఊరివాడినేనని చెప్పటానికి వచ్చాడు. లెక్కలో ఉండటానికి మనిషి చెల్లించిన మూల్యమది.

దారి తెగిన రోజులు

పల్లెకూ నగరానికీ మధ్య ఉన్న ఈ తాడు ఎంత బలమైనదో అది బిగుసుకొన్నప్పుడే తెలుస్తుంది. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు వార్త పుట్టింది. కొద్ది రోజులలోనే లక్షలాది జనం నగరం విడిచి పారిపోయారు. వెళ్ళినవారు ఎటు వెళ్ళారు? ఎక్కడినుంచి వచ్చారో అక్కడికే. మూటలు నెత్తినబెట్టుకొని సొంత ఊళ్ళు చేరినవారిని చూసి ఆ ఊళ్ళూ భయపడినవి. ప్రాణనష్టం దేశం మొత్తం మీద 50 పై చిలుకు దగ్గర ఆగింది గాని, నగరం పరువు మట్టిగలిసింది. మరుసటి ఏడు కమిషనర్‌గా వచ్చిన ఎస్. ఆర్. రావు కాలంలో వీధులు ఊడ్చి, మురుగు తొలగించి, అధికారులను ప్రతిదినం పేటలలోకి పంపి, సూరత్‌ను దేశంలోని పరిశుభ్ర నగరాల సరసన నిలబెట్టారు. పోయినవారు తిరిగివచ్చారు. వారి వెంట మరికొందరు వచ్చారు.

2006 ఆగస్టులో ఎగువన ఉన్న ఉకాయ్ జలాశయం నుంచి వదలిన నీటితో తపతి పొంగి నగరంలో అధికభాగాన్ని ముంచెత్తింది. షెడ్లలో మగ్గాలు, గదులలో బట్టలు, పెట్టెలలో కాగితాలు నీటిపాలయినవి. చిరునామాకు ఆధారం కాగితమే అయినప్పుడు, అది తడిసిపోతే చిరునామా కూడా కరిగిపోతుంది.

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలయినప్పుడు మాత్రం తాడు బిగుసుకోలేదు, తెగిపోయింది. 1994లో భయపడినవాడికి రైలు ఉన్నది. 2020లో అదీ లేదు. మగ్గం ఆగింది, కూలి ఆగింది, గది అద్దె ఆగలేదు. ఊరికి పంపమంటూ ఏప్రిల్‌లో సూరత్ వీధులలోకి కార్మికులు వచ్చారు. మే 1 నుంచి శ్రామిక ప్రత్యేక రైళ్ళు కదిలినవి. వాటిలో మొట్టమొదటిది బయలుదేరినది తెలంగాణలోని లింగంపల్లి స్టేషన్ నుంచే. జార్ఖండ్ కార్మికులతో అది హటియాకు వెళ్ళింది. తన బిడ్డలను సూరత్‌కు పంపిన నేలే మరొకరి బిడ్డలకు సూరత్ అయిందన్న మాట. వలస వెళ్ళే రాష్ట్రాలు, వలస వచ్చే రాష్ట్రాలు అన్న విభజన ఎంత పైపైదో ఆ ఒక్క రైలు చాటింది.

వెంట రాని హక్కులు

మనిషి రైలెక్కినప్పుడు అతని నైపుణ్యం వెంట వస్తుంది, అలవాట్లు వస్తాయి, దేవుడూ వస్తాడు. హక్కులు మాత్రం ప్లాట్‌ఫారం మీదనే ఉండిపోతాయి. ఈ లోపాన్ని సరిదిద్దే ప్రయత్నాలు జరగకపోలేదు. ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు అన్న పథకం 2019 ఆగస్టులో రెండు జంట రాష్ట్రాలలో ప్రారంభమైంది. ఒక జంట తెలంగాణ, ఆంధ్రప్రదేశ్. రెండవ జంట గుజరాత్, మహారాష్ట్ర. తెలంగాణ కార్డుతో ఆంధ్రలో బియ్యం దొరుకుతుంది, సూరత్‌లో దొరకదు. 2020 జనవరిలో పన్నెండు రాష్ట్రాలను ఒకే వలయంలోకి తెచ్చినప్పుడు గాని ఆ గోడ తొలగలేదు. 2022లో దేశమంతటికీ విస్తరించింది. కేంద్ర చట్టం ప్రకారం వచ్చే ధాన్యానికే ఈ సౌకర్యం. రాష్ట్రం తన వంతుగా అదనంగా ఇచ్చేది సరిహద్దు దాటి రాదు.

ఓటు సంగతి ఇంకా వెనుకనే ఉన్నది. ఊరికి దూరంగా ఉన్నవారు ఉన్నచోటినుంచే ఓటు వేయగల యంత్రం నమూనాను సిద్ధం చేసినట్లు ఎన్నికల సంఘం 2022 డిసెంబరులో ప్రకటించి, మరుసటి నెలలో రాజకీయ పక్షాలకు చూపటానికి పూనుకొన్నది. అయితే 2024 లోక్‌సభ ఎన్నికలు పాత పద్ధతిలోనే జరిగినవి. ఓటు కోసం వెయ్యి కిలోమీటర్లు వెళ్ళి రావటమా, వదులుకోవటమా అన్నది కూలివాడు లెక్కవేసుకోవలసిందే.

ఇక బడి. తెలుగు మాధ్యమంలో చదివే సూరత్ పిల్లవాడు రెండు లోకాల మధ్య నిలబడి ఉన్నాడు. బయట మార్కెట్‌లో హిందీ, గుజరాతీ లేనిదే పని దొరకదు. తెలుగు అక్షరం రానిదే తాతకు ఉత్తరం వ్రాయలేడు, ఊరి పట్టాకాగితం చదవలేడు. ఏదో ఒకనాడు తిరిగి వెళ్తామనుకొనే తల్లిదండ్రులు తెలుగు బడిని కోరుతారు. ఇక వెళ్ళమని నిశ్చయించుకొన్నవారు వేరే బడిని ఎంచుకొంటారు. పిల్లవాడిని ఏ బడిలో చేర్చారో చూస్తే ఆ కుటుంబం తన ఊరిని ఎంత దూరంలో ఉంచుకొన్నదో తెలిసిపోతుంది. ‘ఏ’, ‘బి’, ‘సి’ అక్షరాలకంటె అది నమ్మదగిన కొలత.

తిరుగు ప్రయాణం

వెళ్ళినవారిని వెనుకకు రప్పించాలన్న ఆలోచన కూడా ఉన్నది. 2017 అక్టోబరులో వరంగల్ సమీపంలోని గీసుగొండ, సంగెం మండలాలలో కాకతీయ మెగా జౌళి పార్కుకు శంకుస్థాపన జరిగినప్పుడు, సూరత్, భివండి, షోలాపూర్ వెళ్ళిన నేతన్నలు సొంతగడ్డకు తిరిగివస్తారని ప్రభుత్వం ఆశ చూపింది. 2023 మార్చిలో కేంద్రం దేశంలో ఏడు మహా జౌళి పార్కులను ప్రకటించింది. వాటిలో వరంగల్ ఒకటి. సూరత్‌కు పొరుగున ఉన్న నవసారి మరొకటి. అంటే, తాడుకు రెండు కొసలనూ ఒకే పథకం పట్టుకొన్నది.

పార్కు వస్తే పని వస్తుంది. అందులో సందేహం లేదు. కాని అక్కడికి వచ్చిన పెద్ద పరిశ్రమలలో దుస్తులు కుట్టేవి ముఖ్యమైనవి. మరమగ్గం నడిపిన యాభై ఏళ్ళ నేతగాడికీ కుట్టుయంత్రాల హాలుకూ మధ్య మరో ప్రయాణం ఉన్నది. పైగా సూరత్‌లో అతనికున్నది కూలి ఒక్కటే కాదు. అప్పిచ్చే షేటు, చుట్టాలున్న వీధి, పిల్లల బడి, అక్కడే పుట్టి గుజరాతీలో కలలు కనే మనవలు ఉన్నారు. వెళ్ళటానికి ఒక మనిషి కావలసి వచ్చినట్లే, తిరిగి రావటానికీ ముందుగా వచ్చి నిలదొక్కుకొన్న ఒక మనిషి కావాలి. ఆ మొదటి మనిషి దొరికేవరకు ఏ పార్కూ ఊరు కాజాలదు.

2021లో జరగవలసిన జనగణన వాయిదాపడి, ఇప్పుడు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా నిర్ణయమైనది. ఈసారి వివరాలను కాగితం బదులు చేతిలోని యంత్రంలో నమోదు చేస్తారు. గ్రామస్థాయి వరకు పట్టికలు తీయటం ఇదివరకంత కష్టం కాబోదు. ఫలానా గ్రామం నుంచి ఎందరు ఎక్కడ ఉన్నారు, ఎంతకాలంగా, ఏ పని మీద అన్నది ఆ గ్రామం పంక్తిలోనే చేర్చగలిగితే, రైల్వే వారికి పండుగ రద్దీలో ఎక్కడ పెట్టె తగిలించాలో తెలుస్తుంది. సూరత్ నగరానికి ఎన్ని తెలుగు తరగతులు కావాలో తెలుస్తుంది. పంచాయతీకి తన ముసలివారికి తోడెవరో తెలుస్తుంది. మరో ఉపద్రవం వచ్చినప్పుడు ఎవరిని ఎక్కడినుంచి తీసుకురావాలో ప్రభుత్వానికి ముందే తెలుస్తుంది.

పల్లె జనాభా తగ్గినదని వ్రాసినంతలో పల్లె చిన్నదైపోలేదు, పొడవైంది. రింగ్ రోడ్ మీద పార్సిలు కట్టే ప్రతి చీరకూ అది ఎక్కడినుంచి బయలుదేరి ఎక్కడికి చేరాలో తెలిపే చీటీ ఒకటి ఉంటుంది. ఆ చీర నేసినవాడి పేరుకూ అటువంటి చీటీ ఒకటి ఉండాలని కోరటం అత్యాశ కాదు.